స్వీట్లు ముట్టని ఇంట్లో పంచదార ఎక్కడుంటుంది?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ వారికి 39 ఏళ్లు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో ట్రైగ్లిజరైడ్స్ 268 వచ్చాయి, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అన్నారు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 5.9. బరువు 81 కిలోలు. డాక్టరుగారు ‘పంచదార తగ్గించండి’ అని ఒక్క మాట చెప్పి పంపేశారు. ‘మా ఇంట్లో పండక్కి తప్ప స్వీట్లు ఉండవు, ఆయన మందు ముట్టరు, మరి తగ్గించడానికి పంచదార ఎక్కడుంది? అత్తగారు బెల్లం వాడదామంటున్నారు, మంచిదేనా? ఏడేళ్ల బాబుకి పాలల్లో కలిపే పొడి మానేయాలా? నాకిప్పుడు నాలుగో నెల, నేనేమైనా జాగ్రత్త పడాలా?’ ఇవీ మీ ప్రశ్నలు.

నేను ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పుకుందాం. మన వాడుకలో షుగర్ అంటే జబ్బు. అందుకని తినేదాన్ని పంచదార అంటాను, జబ్బుని షుగర్ అంటాను. మీవైపు చక్కెర అంటే అదే అనుకోండి.

‘మేం స్వీట్లు తినం’ అనే మాట నా గదిలో రోజూ వింటాను. అబద్ధం చెప్పరు ఎవరూ. స్వీటు అంటే కాజా, లడ్డూ, బొబ్బట్టు అనే మన లెక్క. టీ స్వీటు కాదు, బిస్కెట్ స్వీటు కాదు, పాలల్లో వేసే పొడి అసలే కాదు. మనిషిని పాడుచేస్తున్నది ఏడాదికి నాలుగుసార్లు తినే బొబ్బట్టు కాదమ్మా. తీపి అని మనం లెక్కే పెట్టని ఈ రోజువారీ పంచదార.

మీ ఇంటి లెక్క మీ ఉత్తరంలోనే ఉంది. ‘నెలకి 5 కిలోల పంచదార, ఒక కిలో బెల్లం తప్ప ఏమీ తెచ్చుకోం’ అని రాశారు. ఇంట్లో నలుగురు. ఆరు కిలోలు అంటే 6000 గ్రాములు. నలుగురికి పంచితే తలకి 1500. ముప్పై రోజులకి పంచితే రోజుకి 50 గ్రాములు. ఇది మీ వంటింటి డబ్బాలోంచి మాత్రమే వచ్చేది. బయట టీ, బిస్కెట్, కూల్‌డ్రింకు, సాస్ ఇందులో లేవు. ఏడాదికి చూస్తే మీ ఇంట్లోకి 72 కిలోలు వస్తున్నాయి, అంటే దాదాపు బస్తాన్నర.

ఎంత వరకు ఫర్వాలేదు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక హద్దు చెప్పింది. విడిగా కలిపే పంచదార, బెల్లం, తేనె, పండ్ల రసాల్లోని తీపి అన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు, ఇరవయ్యో వంతు లోపల ఉంచగలిగితే ఇంకా మేలు అని. 2000 కేలరీలు తినే మనిషికి అది 50 గ్రాములు, ఇంకా మేలైన హద్దు 25 గ్రాములు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా 25 గ్రాములు దాటితే అది ఎక్కువ కిందే లెక్క. పాలల్లో సహజంగా ఉండేది, పండుని పండుగా తిన్నప్పుడు వచ్చేది ఈ లెక్కలోకి రావు. మీ వారు గడప దాటకుండానే పై హద్దు దగ్గర ఉన్నారు.

ఇంక చెంచా సంగతి. నా టేబుల్ మీద చిన్న ఎలక్ట్రానిక్ కాటా, ఒక స్టీలు టీస్పూను, ఒక డబ్బాలో పంచదార ఉంటాయి. టీలో ఎంత వేస్తారు అని అడగను, ‘ఇంట్లో ఎలా వేస్తారో అలా వేసి చూపించండి’ అంటాను. సమానంగా తీస్తే ఒక టీస్పూను 4 గ్రాముల పైన ఉంటుంది. మన ఇళ్లలో ఎవరూ సమానంగా తీయరు, గోపురంలా తీస్తారు. ఆ మధ్య ఒకాయన ‘రెండు చెంచాలే మేడమ్’ అంటూ వేసింది కాటా మీద 13 గ్రాములు చూపించింది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు, ఇంకోసారి వేసి చూసుకున్నాడు. రోజుకి ఎన్ని టీలు అంటే, ఇంట్లో రెండు, బయట మూడు అన్నాడు. అక్కడితో 60 గ్రాములు దాటిపోయింది, ఇంకా టిఫిన్ దగ్గరికి కూడా రాలేదు మేం.

మీ వారి రోజుని కూడా అలాగే చూడండి. పొద్దున ఇంటి టీ, దాంతో రెండు మేరీ బిస్కెట్లు. ఆఫీసులో పదకొండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి. బయటి టీలో తీపి మన చేతిలో ఉండదు, గిన్నెలోనే కలిపి మరిగిస్తారు. కప్పుకి పది గ్రాముల దాకా ఉంటుందని లెక్కేసుకోవచ్చు. సాయంత్రం ఇంటికి రాగానే ఇంకో టీ. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీతో కూల్‌డ్రింకు. కూల్‌డ్రింకుల్లో మామూలుగా 100 మిల్లీలీటర్లకి 10, 11 గ్రాముల పంచదార ఉంటుంది. చిన్న సీసా 250 మిల్లీలీటర్లంటే ఒక రోజుకి మేలైన హద్దు ఆ ఒక్క సీసాతో అయిపోయినట్టే. మామిడి డ్రింకుల్లో చాలావాటికి ఇంకాస్త ఎక్కువే. బండి మీద తీసే చెరుకు రసం కూడా ఇదే వరస. తాజాది కాబట్టి మంచిది అనుకుంటాం, కానీ గ్లాసుకి 30 గ్రాములు సులువుగా ఉంటాయి.

ఇప్పుడు ఆ పంచదారకీ, కాలేయంలో కొవ్వుకీ సంబంధం ఏంటి? ఇది కాస్త ఓపికగా చదవండి, మీ వారికి చదివి వినిపించండి. నూనె తినకుండా కొవ్వు ఎలా వస్తుంది అన్న అనుమానం ఇక్కడే తీరుతుంది.

పంచదార పలుకు పేగులో రెండు ముక్కలవుతుంది. సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్‌ని ఒళ్లంతా వాడుకుంటుంది, మెదడు, కండ, గుండె అన్నీ. ఫ్రక్టోజ్ అలా కాదు. కొంచెం పేగు దగ్గరే ఖర్చవుతుంది, మిగిలినదంతా దాదాపు కాలేయానికే వెళ్తుంది. కొద్దికొద్దిగా వస్తే కాలేయం దాన్ని సర్దుకుంటుంది. మిల్లుకి ధాన్యం బండి ఒకటి వచ్చి, అది దింపాక ఇంకొకటి వస్తే ఇబ్బంది లేదు. పది బండ్లు ఒకేసారి వస్తే దొరికిన చోటల్లా కుప్పపోయాల్సిందే. కూల్‌డ్రింకో జ్యూసో ఐదు నిమిషాల్లో తాగితే జరిగేది అదే. వాడుకోలేని ఫ్రక్టోజ్‌ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. అందులో కొంత అక్కడే పేరుకుంటుంది, అది ఫ్యాటీ లివర్. కొంత మూటగట్టి రక్తంలోకి పంపుతుంది, అది మీ వారి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ పక్కన కనిపించిన 268. ఉండాల్సింది 150 లోపల. ఫ్రక్టోజ్‌ని సర్దుకునే పనిలోనే యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది, అది కీళ్లలో చేరి వాపు తెప్పిస్తుంది. బొటనవేలు వాచి నడవలేకపోతున్నాం అని వచ్చే మగవాళ్లని మాంసం మానేశారా అని అడిగినట్టే, కూల్‌డ్రింకులు ఎన్ని తాగుతారు అని కూడా అడుగుతాను.

కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినదు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదలాలి. కొన్నేళ్లు అలా లాక్కొస్తుంది, తర్వాత అలిసిపోతుంది. 5.7 నుంచి 6.4 మధ్య హెచ్‌బీఏ1సీ అంటే ఆ లాక్కొస్తున్న దశ, ప్రీడయాబెటిస్. మీ వారి 5.9 అక్కడే ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంటే, ఈ దశలో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. వీళ్లలో చాలామందికి ఏ బాధా తెలియదు. మీ వారికి తెలిసింది, అది అదృష్టమనే అనుకోండి.

ఎందుకంటే ఈ దశలో కాలేయం వెనక్కి వస్తుంది. 2019లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన నాకు చాలా ధైర్యమిచ్చింది. ఫ్యాటీ లివర్ ఉన్న 11 నుంచి 16 ఏళ్ల మగపిల్లలు 40 మందిని తీసుకుని, సగం మందికి విడి పంచదార దాదాపు లేకుండా ఎనిమిది వారాలు తిండి పెట్టారు. వాళ్ల కాలేయంలో కొవ్వు 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. మామూలుగా తిన్నవాళ్లలో 21 నుంచి 20కి వచ్చింది, అంతే. ఎనిమిది వారాలంటే రెండు నెలలు కూడా కాదు. పెద్దవాళ్లలో అయితే ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయం బాగా తేలికపడుతుందని వైద్యులు చెబుతారు. మీ వారి 81 కిలోలకి అది 6 నుంచి 8 కిలోలు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. పంచదార ఒక్కటే షుగర్ తెప్పిస్తుంది అంటే తప్పు చెప్పినట్టే. మూడు పూటలా పళ్లెం నిండా తెల్లన్నం, కదలిక లేని ఉద్యోగం, చిన్నాన్న పెదనాన్నలకి షుగర్ ఉన్న ఇల్లు, నడుం చుట్టూ కొవ్వు, నిద్ర చాలకపోవడం, ఇవన్నీ కలుస్తాయి. ట్రైగ్లిజరైడ్స్‌ని అన్నం కూడా పెంచుతుంది. మన భారతీయుల్లో మగవాళ్లకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి. టేపుతో కొలిచి చూడండి. అయితే వీటన్నిటిలో ముందు పంచదారనే పట్టుకోమని ఎందుకంటానంటే, అన్నం తగ్గిస్తే ఆకలేస్తుంది, పంచదార తగ్గిస్తే ఆకలి వెయ్యదు. ఒంటికి అందులోంచి వచ్చేది కేలరీలు తప్ప ఇంకేం లేదు. అందులోనూ తాగే పంచదార మరీ చెడ్డది. కడుపు నిండినట్టు అనిపించదు, కూల్‌డ్రింకు తాగామని ఎవరూ అన్నం తగ్గించుకోరు. రోజుకి ఒకటి రెండు తీపి డ్రింకులు తాగేవాళ్లకి టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువని అనేక పరిశోధనల్ని కలిపి చూసి 2010లోనే లెక్కతేల్చారు. గుండె మీద కూడా భారం పడుతుంది. కేలరీల్లో 17 నుంచి 21 శాతం కలిపిన పంచదార నుంచి తెచ్చుకునేవాళ్లలో గుండె జబ్బుతో చనిపోయే ముప్పు, 8 శాతం తెచ్చుకునేవాళ్లతో పోలిస్తే 38 శాతం ఎక్కువ కనిపించింది. ఇది 2014లో అమెరికా లెక్క.

నేను ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానో కూడా రాయాలి. మాది తణుకు దగ్గర పల్లెటూరు. సీజన్లో చెరుకు లారీలు మా ఇంటి ముందు నుంచే వెళ్లేవి. మా నాన్నగారు బడిపంతులు. ఆయనకి స్వీట్ల మీద ఏ మాత్రం ఇష్టం ఉండేది కాదు, పెళ్లికెళ్తే విస్తట్లో లడ్డూ నాకే ఇచ్చేసేవారు. కానీ టీ మాత్రం రోజుకి ఆరు, ఏడు. ఒక్కో గ్లాసులో పంచదార అడుగున కరగకుండా మిగిలేది, ఆఖర్న దాన్ని వేలితో తీసుకుని తినేవారు. ఆయనకి 52వ ఏట షుగర్ బయటపడింది. ‘నేను స్వీట్లు తినను కదమ్మా, పొరపాటున రాసుంటారు’ అని ఆ రిపోర్టుని ఏడాది పాటు బీరువాలో పెట్టేశారు. పదకొండేళ్ల తర్వాత కాలికి తగిలిన చిన్న దెబ్బ మానక, రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. అప్పటికి నేనీ ఉద్యోగంలో చేరి కొన్నేళ్లే అయింది. ఆ టీ గ్లాసులు ఎవరం లెక్కపెట్టలేదు.

అత్తగారు చెప్పిన బెల్లం విషయానికొస్తాను. ఆవిడ మాట కొట్టిపారేయొద్దు, బెల్లంలో పంచదారలో లేని ఇనుము, ఇతర ఖనిజాలు కొంత ఉన్నమాట నిజం. కానీ బెల్లంలో ఎనభై శాతానికి పైగా ఉన్నది అదే పంచదార. కాలేయానికి అది అనకాపల్లి బెల్లమా, మిల్లు పంచదారా అని తెలియదు. టీకి పది గ్రాముల బెల్లం వేస్తే అందులో ఇనుము చాలా స్వల్పం. ఆ వచ్చిన కాస్త కూడా ఒంటికి పట్టకుండా టీలోని టానిన్లు అడ్డుపడతాయి. ఇనుము కావాలంటే తోటకూర పప్పు, నువ్వులు, దాంతో కాస్త నిమ్మకాయ. కాల్షియం కావాలంటే రాగిజావ. తాటిబెల్లం, తేనె, పటికబెల్లం, గోధుమరంగు పంచదార అన్నిటిదీ ఇదే కథ. అత్తగారికి చేసే సున్నుండ బెల్లంతోనే చేయండి, రుచి అదే బాగుంటుంది. కానీ ‘బెల్లమే కదా’ అని చెయ్యి జారితే పంచదార మానిన ఫలితం మొత్తం పోతుంది. నా దగ్గరికొచ్చే షుగర్ పేషెంట్లలో బెల్లం టీ రోజుకి నాలుగు తాగేవాళ్లు బోలెడంతమంది, వాళ్లది మంచి ఉద్దేశమే, ఎవరూ వాళ్లకి సరిగా చెప్పలేదు.

బాబు పాలపొడి గురించి అడిగారు. డబ్బా వెనక్కి తిప్పి 100 గ్రాములకి చక్కెరలు ఎన్ని అని చూడండి. ఇలాంటి మాల్ట్ పొడుల్లో చాలావాటిలో మూడో వంతు దాకా పంచదారే ఉంటూ వచ్చింది. రెండు పెద్ద చెంచాలు వేసి, తీపి చాల్లేదని మీరు ఇంకో చెంచా పంచదార కలిపితే, నిద్రపోయే ముందు పిల్లవాడికి పది గ్రాముల పైన ఇచ్చినట్టు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాల్ని ‘హెల్త్ డ్రింక్స్’ అనే వరసలో పెట్టొద్దని ఆన్‌లైన్ అమ్మకపు సైట్లకి చెప్పింది, ఎందుకంటే మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే మాటకి నిర్వచనమే లేదు. ఎత్తు పెరగడం, చదువు రావడం ఆ పొడిలో లేవు. పాలు, గుడ్డు, పప్పు, ఆటలో ఉన్నాయి. ఒక్కసారిగా లాక్కుంటే గొడవ చేస్తాడు కాబట్టి వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. మామూలు పాలు తాగడం రానివాడికి పెరుగు పెట్టండి. రెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి 25 గ్రాములు దాటొద్దని, రెండేళ్ల లోపు పిల్లలకి కలిపిన పంచదార అసలే వద్దని అమెరికా హృద్రోగ సంఘం 2016లో చెప్పింది. మన పిల్లల డాక్టర్లు కూడా ఇదే చెబుతారు. సీబీఎస్‌ఈ 2025లో బళ్లలో ఏ తిండిలో ఎంత పంచదార ఉందో చూపించే ‘షుగర్ బోర్డులు’ పెట్టమంది, మీ బాబు బడిలో ఉందేమో అడగండి.

వాడి పళ్ల గురించి మీరు అడగలేదు, కానీ నేను చెప్పాలి. నోట్లో ఉండే సూక్ష్మజీవులు పంచదార తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి మీది గట్టి పొరని కరిగిస్తుంది. ఏదైనా తీపి తిన్నాక అరగంట దాకా ఈ పని సాగుతుంది, తర్వాత లాలాజలం దాన్ని సరిచేసుకుంటుంది. కాబట్టి పంటికి సంబంధించినంత వరకు ఎంత తిన్నాడు అన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నాడు అన్నది ముఖ్యం. స్వీడన్‌లో 1940ల్లో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో మానసిక వికలాంగులకి అతుక్కునే టాఫీలు పెట్టి దీన్ని తేల్చారు. ఇవాళ ఎవరూ ఒప్పుకోని అన్యాయమైన పరిశోధన అది, అడగలేని మనుషుల పళ్లు పాడుచేశారు. కానీ అక్కడ తెలిసింది ఇప్పటికీ నిజమే. భోజనంతో పాటు తినేసిన తీపి కన్నా, భోజనాల మధ్య మధ్య నమిలే తీపి ఎక్కువ పళ్లు పుచ్చబెడుతుంది. తీపి పాలు తాగి పళ్లు తోముకోకుండా పడుకుంటే ఆ రాత్రంతా లాలాజలం తక్కువగా ఊరుతుంది, పళ్లకి కాపలా ఉండదు. పాలు ముందు, తర్వాత బ్రష్, తర్వాత పడక. ఈ వరస మార్చకండి.

ఇంకో జాగ్రత్త. బాబుకి విరేచనాలైతే టెట్రా ప్యాక్ తీపి డ్రింకు పట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది, ఉప్పుతో సరిగ్గా తూచి కలిపినది. మార్కెట్లో ఆ పేరు అంటించుకుని అమ్మిన కొన్ని డ్రింకుల్లో దానికి ఎన్నో రెట్లు తీపి ఉండేది. అంత తీపి పేగులోకి నీళ్లని లాగి విరేచనాల్ని ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. ఒక డాక్టరమ్మ పట్టుదల ఎంతమంది పిల్లల్ని కాపాడుతుందో తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. మెడికల్ షాపులో పొడి ప్యాకెట్ అడగండి, దాని మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి.

మీకు నాలుగో నెల అన్నారు. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం నుంచి పంచదారకి రేషన్ ఉండేది, 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. ఎత్తేయగానే మనిషి సగటు వాడకం రోజుకి 40 గ్రాముల నుంచి 80 దాకా వెళ్లింది. రేషన్ ఎత్తేయడానికి కాస్త ముందు, కాస్త తర్వాత పుట్టిన వాళ్ల ఆరోగ్యాన్ని ఇప్పుడు పోల్చి చూసి 2024లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. తల్లి కడుపులోనూ, తొలి రెండేళ్లూ రేషన్ కాలంలో గడిపిన వాళ్లకి పెద్దయ్యాక టైప్ 2 షుగర్ సుమారు 35 శాతం, బీపీ సుమారు 20 శాతం తక్కువ కనిపించాయి. వచ్చినవాళ్లకి కూడా షుగర్ నాలుగేళ్లు, బీపీ రెండేళ్లు ఆలస్యంగా వచ్చాయి. దీన్ని చూసి భయపడొద్దు, తీపి పూర్తిగా మానొద్దు. రేషన్‌లో కూడా రోజుకి 40 గ్రాములు ఉండేది కదా. కోరిక కలిగినప్పుడు ఒక పూతరేకు తినండి, హాయిగా తినండి. రోజూ జ్యూసులు తాగమని ఎవరైనా చెబితే మాత్రం పండే తినండి. గ్లూకోజ్ టెస్టు ఇప్పటిదాకా చేయకపోతే వెంటనే అడగండి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయాలి.

పండు పేరు వచ్చింది కాబట్టి, మీ వారు బంగినపల్లి మానేయాలా అంటే, అక్కర్లేదు. పండులో పీచు ఉంటుంది, నమలాలి, నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. ఒక మామిడి ముక్కల గిన్నె వేరు, మూడు పండ్లు పిండి, పంచదార కలిపిన జ్యూసు వేరు. జామ, బొప్పాయి, నేరేడు, బత్తాయి తొనలు రోజూ తినొచ్చు. మామిడిపండుని అన్నం తిన్న వెంటనే కాకుండా సాయంత్రం టిఫిన్ బదులు తినమనండి.

ఇక తగ్గించడం ఎలా? ఒక్కరోజులో మానేస్తాననే వాళ్లు మూడో రోజుకి మళ్లీ మొదలెట్టడం నేను చాలాసార్లు చూశాను. నాలుక మెల్లగా మారుతుంది, కానీ తప్పకుండా మారుతుంది. ముందు డబ్బాలో ఉన్న చెంచా తీసేసి అర టీస్పూను పట్టేది పెట్టండి. టీ గిన్నెలో పంచదార వేయడం ఆపి, కప్పులో ఎవరిది వాళ్లు వేసుకోండి. అప్పుడే ఎంత వేస్తున్నామో కంటికి కనిపిస్తుంది. మొదటి రెండు వారాలు రెండు టీస్పూన్ల చోట ఒకటిన్నర. తర్వాత రెండు వారాలు ఒకటి. నెల తిరిగాక అర. అల్లం, యాలక్కాయ కాస్త ఎక్కువ వేయండి, పాలు చిక్కగా పోయండి, లోటు తెలియదు. రెండు మూడు నెలలయ్యాక పాత టీ ఇస్తే ‘ఇదేం పానకం’ అంటారు, చూడండి. పైన నేను చెప్పిన 13 గ్రాముల ఆయనే ఐదు నెలల తర్వాత వచ్చి ఆ మాట అన్నారు.

ఆఫీసు టీలకి దారి ఏంటంటే, రెండింటిలో ఒకదాన్ని మజ్జిగ చేయడం. ఉప్పు తక్కువగా, కరివేపాకు, అల్లం వేసి సీసాలో పంపండి. బిస్కెట్ల చోట వేయించిన శనగలు, ఓ గుప్పెడు వేరుశనగ గుళ్లు. మేరీ బిస్కెట్ తేలిక అనుకుంటారు, అందులో కూడా నూటికి 20 గ్రాముల పైన పంచదార ఉంటుంది. క్రీమ్ బిస్కెట్ అయితే మూడో వంతు దాటుతుంది.

ప్యాకెట్ చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. పదార్థాల పట్టికలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. పంచదార మొదటి మూడింటిలో ఉంటే అది రోజూ తినే సరుకు కాదు. రెండోది, పంచదారకి మారు పేర్లు చాలా ఉన్నాయి. లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్, కార్న్ సిరప్, ఇవన్నీ అదే కుటుంబం. నాలుగు పేర్లతో నాలుగు చోట్ల కొంచెం కొంచెం వేస్తే ఏదీ పట్టికలో పైకి రాదు, అలా కళ్లుగప్పుతారు. మాల్టోడెక్స్‌ట్రిన్‌ని చక్కెరల లెక్కలో చూపించరు, కానీ రక్తంలో గ్లూకోజ్‌ని అదీ గబగబా పెంచుతుంది.

షుగర్‌ఫ్రీ బిళ్లలు వేసుకోవచ్చా అని తర్వాతి ప్రశ్న వస్తుంది. బరువు తగ్గడానికని వాటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో చెప్పింది. షుగర్ ఇప్పటికే ఉన్నవాళ్లకి ఆ సలహా వర్తించదు, వాళ్లు తమ డాక్టర్ని అడిగి వాడుకోవచ్చు. మీ వారికి నేనైతే వద్దంటాను, ఎందుకంటే నాలుక తీపి మరిచిపోవాలి, బిళ్ల దాన్ని మరిచిపోనివ్వదు.

మీ అత్తగారికి షుగర్ ఉండి మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే ఆవిడకి మాత్రం ఈ మార్పులు డాక్టర్‌కి చెప్పే మొదలుపెట్టండి. తిండిలో తీపి తగ్గితే మందు మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే అప్పుడు పంచదారే మందు. మూడు టీస్పూన్లు నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి, ఆ సమయంలో ఈ ఉత్తరం గుర్తుచేసుకుని ఆగిపోకూడదు.

వచ్చే నెల సరుకుల చీటీలో 5 కిలోల చోట 3 రాయండి, బెల్లం కిలో చోట అర కిలో. ఆ పై నెల రెండున్నర. అప్పటికి తలకి పాతిక గ్రాముల దగ్గరికి వస్తారు. డబ్బా ఖాళీ అయితే మధ్యలో తెప్పించకండి. మీ వారు రోజూ ముప్పావు గంట నడవాలి, రాత్రి అన్నం ఒక కప్పుకి తగ్గించి కూర, పప్పు పెంచాలి. మూడు నెలల తర్వాత లిపిడ్ ప్రొఫైల్ అనే కొవ్వుల పరీక్ష, కాలేయం సంగతి చెప్పే ఎస్‌జీపీటీ, హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. లిపిడ్ టెస్టుకి పన్నెండు గంటలు పరగడుపున ఉండాలి, ముందురోజు రాత్రి పెళ్లి భోజనాలు, బయటి తిండి వద్దు, లేకపోతే ట్రైగ్లిజరైడ్స్ తప్పుగా ఎక్కువ చూపిస్తాయి. ఆ కాగితం వచ్చాక ఇక్కడే రాయండి, పక్కన ఆ మూడు నెలల్లో ఎన్ని కిలోల పంచదార కొన్నారో కూడా రాయండి.